తీతువు అరిచిన పొద్దున

బోధన్ వెళ్లే బస్సులో మా ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. నిజామాబాద్‌లోనే దిగి ఆసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్షలయ్యేదాకా నన్ను బయట ఉండమన్నారు. కాళ్లు ఒకచోట నిలవక ఎదురుగా ఉన్న పార్కులోకి నడిచాను.

లోపలికి వెళ్లానో లేదో, తీతువు ఒకటి నా తల మీదుగా అరుస్తూ తిరగసాగింది. మా కోనసీమలో తీతువు అరిస్తే ఇంట్లో చావు తప్పదంటారు. దాన్ని తప్పించుకోవాలని గబగబా ముందుకు నడిచాను.

"ఆగు బిడ్డా, అడుగెయ్యకు!" మొక్కలకు నీళ్లు పెడుతున్న ఒక అవ్వ చేతిలో పైపుతోనే పరుగున వచ్చింది. నా కాళ్ల ముందు కంకరలో, కంకర రంగులోనే నాలుగు గుడ్లున్నాయి.

మా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని, తీతువు అరిస్తే చావంటారని ఆమెకు నా భయం చెప్పాను. అవ్వ నవ్వింది. "గిదేం ముచ్చట? గుడ్లు తొక్కుతవని ఒర్లుతుంది. తల్లి గద, ఇంకేం జేస్తది?"

చిన్నప్పటి నుంచీ ఆ అరుపు వింటున్నా, అది ఒక తల్లి గొంతని నాకెప్పుడూ తోచలేదు.

అంతలో ఫోన్ మోగింది. ఆయనే. "గుండె బాగానే ఉందట. గ్యాస్ నొప్పేనట. వచ్చెయ్."

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే అవ్వకు సంగతి చెప్పాను. అవ్వ పైపు కింద పడేసి నా చేయి పట్టుకుంది.

"మంచిగున్నడు గద! ఇగ ఏడ్సుడెందుకు? పో, ఆయనకింత అన్నం తినిపియ్యి. నువ్వు గూడ తిను."