తాళం వేసిన ఇంటి మీద చుక్క

సల్మాన్ ఒకచోట కుదురుగా కూర్చుంటే వనపర్తిలో వాన పడుతుందని ఆఫీసులో అందరూ నవ్వుకునేవారు. కూర్చుంటే కాలు ఊపుతాడు. లేస్తే వరండాలోకి, వరండాలోంచి చాయ్ బండి దగ్గరికి. అలాంటి మనిషికి ఆ పైవాడు ఏరికోరి కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం రాసిపెట్టాడు.

2008లో అతను పనిచేసే స్వచ్ఛంద సంస్థ గర్భిణులను ఇంటి దగ్గరికే వచ్చి చూసే బండి ఒకటి నడపాలనుకుంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి పేర్లు, చిరునామాలు రాసుకొచ్చారు. వాటిని ఎక్సెల్ షీటులోకి ఎక్కించి, ఒక్కో చిరునామా పటం మీద ఎక్కడ పడుతుందో చుక్క పెట్టి పంపడం సల్మాన్ పని. ఆ చుక్కలను బట్టి హైదరాబాదు హెడ్డాఫీసు వాళ్లు బండి దారి ఖాయం చేస్తారు. చుక్కలున్న చోటికే బండి పోతుంది.

చుక్కలు పెట్టడానికి వాళ్లు పంపిన ప్రోగ్రాం చూస్తే సల్మాన్‌కు ఒళ్లు మండింది. బొమ్మల్లేవు, బటన్లు లేవు, మౌసుతో పనే లేదు. నల్లటి తెర మీద షీటు పేరు, చిరునామాలున్న కాలమ్ పేరు ఒక్క లైనులో టైపు చేసి ఎంటర్ కొట్టాలి. అది చిరునామాలను వరసగా నెట్‌లోకి పంపి, ఒక్కోదానికి అక్షాంశం, రేఖాంశం తెచ్చి పక్క కాలమ్‌లో రాసి పెడుతుంది. అంతా అయ్యేదాకా మనిషి నోరు మూసుకుని చూస్తుండాలి. మధ్యలో నెట్ తెగితే మళ్లీ మొదటికి రావాలి. ఇక కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు.

అసలు ఆ రోజుల్లో అతని మనసు మనసులో లేదు. భార్య నస్రీన్‌కు తొలి కాన్పు. అయిదో నెలలో ఈ బండి కోసమే పేరు రాసుకోవడానికి నర్సు కౌసల్యమ్మ వాళ్లింటికి వచ్చింది. "మీ అడ్రస్ చెప్పు బిడ్డా" అని నస్రీన్‌ను అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే సల్మాన్ ఇంటి నంబరుతో సహా గడగడా అప్పజెప్పాడు. నస్రీన్ తెరిచిన నోరు మూసుకుంది. ఏడో నెలలో సీమంతం లాంటి సత్వాసా వేడుక చేసి, సల్మాన్ అత్తమ్మ రహీమున్నీసా కూతురిని కాన్పుకు మానవపాడు తీసుకుపోయింది. అప్పటినుంచి సల్మాన్ తానే వండుకుంటున్నాడు, తానే మాడ్చుకుంటున్నాడు. పూటకొకసారి ఫోన్ చేసేవాడు.

"కాళ్లు జర వాసినయి, అంతే" అనేది నస్రీన్.

"పరేషాన్ కాకు. లిస్టుల నీ పేరుంది. బండి వస్తది, చూస్తది" అనేవాడు ఇతను.

ఇక్కడ ప్రోగ్రాం పెట్టే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఘణపూర్ వాళ్లందరినీ తీసుకుపోయి వరంగల్ వైపు ఇంకో ఘణపూర్‌లో పడేసింది. మనవాళ్లేమో తమది ఖిల్లా ఘణపూర్ అయినా ఊరి పేరు చెప్పేటప్పుడు ముందు ఖిల్లా అనరు. వాళ్లకు తెలిసిన ఘణపూర్ అదొక్కటే మరి. సల్మాన్ ఆ చిరునామాలన్నిటిలో ఘణపూర్‌కు ముందు ఖిల్లా అని తగిలించి మళ్లీ ఎంటర్ కొట్టాడు. ఖిల్లా అంటే కోట కదా, ఈసారి అందరూ సరిగ్గా కొండ మీది కోటలోనే తేలారు.

ఆఫీసు పెద్ద వెంకటేశం సారు తెరలోకి తొంగిచూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఏందయ్యా సల్మాన్, కడుపుతోటి ఉన్నోళ్లనందర్ని గుట్ట ఎక్కించినవ్?"

సల్మాన్‌కు రోషం పొడుచుకొచ్చింది. పటం తెరిచి, బస్టాండు ఎక్కడ, మసీదు ఎక్కడ అని ఫోన్లు చేసి కనుక్కుంటూ ఒక్కో చుక్కను చేత్తో జరిపాడు. శ్రీరంగాపూర్ చుక్కలు చెరువులో పడితే వాటినీ ఒడ్డుకు లాగాడు. చివరికి వనపర్తికొచ్చి, నస్రీన్ పేరు మీదున్న చుక్కను తమ గల్లీలో, తమ ఇంటి మీద అతికినట్టు పెట్టాడు. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయాడో! వారం తిరక్కుండా హైదరాబాదు వాళ్లు దారి ఖాయం చేశారు. మొదటి రోజు ఘణపూర్, రెండో రోజు వనపర్తి.

మొదటి రోజు బండి మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. కౌసల్యమ్మ దిగుతూనే సంచి బల్ల మీద పడేసింది.

"మంచిగ పెట్టినవయ్యా చుక్కలు! ఇండ్లన్ని దొరికినయి. ఏ ఇంటికి పోయినా అత్తలే ఉన్నరు. కోడలేదమ్మా అంటే పుట్టింటికి పోయిందంటరు. ఊకె రావద్దని అత్తలకే బీపీ చూసొచ్చిన."

ఆఫీసంతా ఘొల్లుమంది. సల్మాన్ కూడా నవ్వాడు.

"రేపు ముందుగాల మీ ఇంటికే వస్తం. నస్రీన్‌ను ఇంటికాడ ఉండమను" అందామె.

సల్మాన్ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అంత ముచ్చటగా చుక్క పెట్టిన ఇంటికి ఆ పొద్దున తాళం వేసి వచ్చింది తానే. మానవపాడు మీద ఒక్క చుక్క కూడా లేదు. ఊపుతున్న కాలు ఊపినట్టే ఆగింది. వెంటనే మానవపాడుకు ఫోన్ చేశాడు.

అత్తమ్మ ఎత్తింది. "మొఖం గూడ వాసింది బేటా. నిన్నటి సంది తలకాయ నొస్తుందంటది, కండ్లు మసకలంటది."

"మరి దవాఖానకు తోలుకపోలేదా అత్తమ్మా?"

"బండి వస్తదని నువ్వే చెప్తివి గద. గందుకే వాకిట్ల కూసోని చూస్తున్నం."

పక్కనే నిలబడి ఫోన్‌లో మాటలన్నీ విన్న కౌసల్యమ్మ దాన్ని లాక్కుంది. "బండి రాదు, గిండి రాదు. కండ్లు మసకలంటే ఊకోవద్దమ్మా. ఆటో మాట్లాడుకోని ఇప్పుడే కర్నూలు పెద్దదవాఖానకు పోండ్రి. ఇప్పుడే!"

సల్మాన్ చెప్పులు తొడుక్కున్నాడో లేదో కూడా చూసుకోకుండా బస్టాండుకు పరిగెత్తాడు. బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాడు. బీచుపల్లి వంతెన మీద లారీలు అడ్డంపడి బస్సు ఆగితే దిగి నడుస్తానని కండక్టరుతో గొడవపడ్డాడు. తిట్టుకోవడానికి ఆ నల్ల తెర కూడా పనికిరాలేదు. తాను ఏ చిరునామా ఇస్తే దాన్నే అది వెతికింది. భార్య ఎక్కడుందో తనకంటే బాగా ఇంకెవరికి తెలుసు? తెలిసీ రాయలేదు. దారి పొడుగునా ఆ ఒక్క మాటే అతన్ని పొడిచింది.

అతను చేరేసరికి నస్రీన్‌ను ఆపరేషన్‌కు తీసుకుపోయారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని డాక్టరమ్మ రహీమున్నీసాను కసిరింది. ఆ కసురు తనకు పడాల్సిందని సల్మాన్ చెప్పబోయాడు, ఏడుపొచ్చింది. తల్లీ బిడ్డా దక్కారని తెలిసేదాకా వరండాలో అతను తిరిగిన తిరుగుడుకు అక్కడి ఆయా విసుక్కుని చీపురు అడ్డం పెట్టింది. ఆడపిల్ల. మరీ చిన్నది, కానీ ఏడుపు మాత్రం పెద్దది.

మర్నాడు పుట్టిన పిల్లల వివరాలు రాసుకోవడానికి ఒక నర్సు వచ్చింది. "అడ్రస్ చెప్పండి" అని అలవాటుగా సల్మాన్ వైపు చూసింది. అతని నోరు దానంతటదే తెరుచుకుంది. మంచం వైపు చూసి మూసుకున్నాడు.

"ఆమెను అడుగుండ్రి" అన్నాడు.

నస్రీన్ కళ్ల వాపు ఇంకా తగ్గలేదు. ఆ కళ్లతోనే అతన్ని కాసేపు చూసింది.

"నాకు రెండిండ్లున్నయమ్మా, రెండు రాస్కో" అంది నర్సుతో. "ఎప్పుడు ఏ ఇంట్ల ఉంటనో ఈయనకు తెల్వదు."