బతికున్న హీరో కోసం మా బాపు గుండు

మా చిన్నప్పుడు... ఒక మధ్యాహ్నం మా బాపు గుండు చేయించుకుని, మీసం కూడా తీయించుకుని ఇంటికొచ్చాడు. అప్పుడు మా తాత గడప ముందు కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. అంటే బతికే ఉన్నాడు... వచ్చిన చిక్కల్లా అదే.

మాది బాన్సువాడ. మా నాన్నను మేం బాపు అని పిలిచేవాళ్లం. కోటగిరి రూట్లో షేర్ ఆటో నడిపేవాడు. ఆటో వెనకాల ఆయన అభిమాన హీరో బొమ్మ ఉండేది. హీరో పేరు మాత్రం అడగకండి, చెప్పను. సినిమా వారపత్రిక వచ్చిందంటే మొదటి పేజీ నుంచి చివరిదాకా నమిలేసేవాడు. హీరోకు ఎవరితో పడటం లేదు, ఏ హీరోయిన్‌తో మాటల్లేవు... అన్నీ కంఠతా. ఆటో ఎక్కినవాళ్లకు దిగేదాకా అవే కబుర్లు. ఇంటి సంగతులు ఎన్నడైనా ఇంత శ్రద్ధగా పట్టించుకున్నావా అని మా అమ్మ దెప్పేది.

ఆ రోజు హైదరాబాద్ బస్సు దిగినవాళ్లెవరో వార్త మోసుకొచ్చారట... షూటింగ్‌లో పైనుంచి పడి హీరో పోయాడని. పొద్దుటి నుంచి కరెంటు లేదు, టీవీ పెట్టి చూద్దామన్నా దిక్కు లేదు. బస్టాండ్ దగ్గర ఆటోలన్నీ ఆగిపోయాయి. కుర్చీలో ఫొటో పెట్టి దండ వేశారు. మిగతా అభిమానులు చొక్కాకు నల్లగుడ్డ ముక్క పెట్టుకుని ఊరుకున్నారు. మా బాపుకు అది చాల్లేదు. నా సొంత అన్న పోయినట్టే అని ఏడుస్తూ, పక్కనే ఉన్న సాయిలు కటింగ్ షాపులో కూర్చుని తల వంచేశాడు.

మా వైపు ఇంట్లో తల్లో తండ్రో పోతేనే కొడుకు మీసంతో సహా తీయిస్తాడు. ఆ దుఃఖంలో బాపుకు అదేమీ గుర్తు రాలేదు.

గల్లీ మొదట్లో ఆటో దిగుతున్న బాపును ముందుగా పక్కింటి లక్ష్మవ్వ చూసింది. చూడ్డమే తడవు, రొమ్ము బాదుకుంటూ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఎవరు పోయారని తాతే ఆమెను అడిగాడు. ఎదురుగా ఆయన్ను చూసి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. వెనకాలే బాపు వచ్చి నిలబడ్డాడు.

తాత సంగతంతా విన్నాడు. తర్వాత తన తలకు చుట్టుకున్న రుమాలు విప్పి బాపు చేతిలో పెట్టాడు.

"కట్టుకో కొడుకా. నేనింకా ఉన్న. జనం నన్ను జూసి భయపడ్తరు."

అంతే... తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

సాయంత్రం కరెంటొచ్చింది. వార్తల్లో హీరో కాలికి కట్టుతో, నవ్వుతూ చెయ్యి ఊపాడు. చిన్న దెబ్బేనట. అమ్మ లేచి టీవీ ఆపేసింది.

మర్నాడు బళ్లో టీచర్ నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరింది. తాత ఎప్పుడు పోయాడని అడిగింది. పోలేదు టీచర్ అన్నాను. మరి మీ నాన్నకు గుండెందుకని అడిగితే నిజం చెప్పాను. క్లాసంతా ఘొల్లుమంది. టీచర్ కూడా నవ్వాపుకోలేక బోర్డు వైపు తిరిగింది. ఆ తర్వాత బాపు ఆటోలో వెళ్తే, బడి కనిపించకముందే దిగి నడిచిపోయేదాన్ని.

ఇంతకన్నా సిగ్గుపడ్డ రోజు ఇంకోటుంది...

సెలవురోజు బాపు పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. వెనక పిట్లం ఊరి పెద్దాయన ఒకరు ఎక్కారు. బాపు తల చూసి, మీ నాయిన పోయిండా బిడ్డా అని జాలిగా అడిగారు. ఎక్కినవాళ్లకల్లా నిజం చెప్పి, నవ్వులపాలై నవ్వులపాలై బాపు విసిగిపోయి ఉన్నాడు.

"ఆ... పోయిండు" అన్నాడు.

నేను ఉలిక్కిపడి చూశాను. బాపు నా వైపు చూసి, వెంటనే మొహం తిప్పుకున్నాడు. ఆ రాత్రి తాత పక్కన అన్నానికి కూర్చుని కంచం పక్కకు జరిపేశాను. ఏమైంది బిడ్డా అని తాత అడిగితే కడుపునొప్పి అన్నాను.

పది రోజులు తిరగలేదు... తాత నిజంగానే పోయాడు. జ్వరమొచ్చింది, దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది. కొడుకు ముందే గుండు చేయించుకున్నాడు, అందుకే ముసలాయనకు నూకలు చెల్లాయని వచ్చినవాళ్లు గుసగుసలాడుకున్నారు. బాపు వినిపించనట్టే కూర్చున్నాడు. ఆయనకు వినిపించిందని నాకు తెలుసు.

కర్మ రోజున కాలువ గట్టుకు మళ్లీ ఆ సాయిలే వచ్చాడు. బాపు తల మీద అప్పుడప్పుడే గరుగ్గా మొలుస్తున్న వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. సాయిలు నీళ్లు చల్లాడు, కత్తి తీశాడు... ఏం తీయాలో తెలియక నిలబడిపోయాడు.

"ఉన్నకాడికే తియ్యి సాయన్నా" అన్నాడు బాపు. "గట్టిగ గీకి తియ్యి. మా నాయినకు ఇచ్చెటందుకు నా దగ్గర ఇంకేం లేదు."

అంతదాకా బిగబట్టుకున్న మనిషి... అప్పుడు ఏడ్చాడు.

ఆ హీరో ఇప్పటికీ ఉన్నారు. తాత వేషాలు వేస్తున్నారు. చల్లగా ఉండాలి, ఆయన చేసిందేముంది. ఇప్పుడు ఫోన్లలో పూటకొక నటుణ్ని చంపేస్తున్నారు... ఫొటోకు దండ, కింద వరసగా ఏడుపు బొమ్మలు. మా బాపుకు అలాంటిది చూపిస్తే ఇప్పటికీ మాట్లాడకుండా లేచి బయటికెళ్లిపోతాడు.

అప్పట్లో అబద్ధమని తేలాలంటే కరెంటొచ్చేదాకా ఆగాలి. ఇప్పుడు నిమిషం ఆగితే చాలు... ఆ నిమిషం కూడా ఎవరూ ఆగడం లేదు.

మీ ఇంట్లోనూ సినిమా పిచ్చితో తల దించుకున్నవాళ్లు ఉంటే కింద రాయండి. నేనైతే నవ్వను.