పిడికెడు బియ్యం అన్నం

మరియమ్మగారిని సమాధి చేసి వచ్చి, అలసటగా కంచం ముందు కూర్చున్నాను. మా సంఘంలో చివరిదాకా పిడికెడు బియ్యం తెచ్చింది ఆవిడొక్కరే.

నాలాగే డెబ్బైల్లో పెరిగిన పాస్టరుగారి పిల్లలూ, గుర్తుందా? ఎసట్లో పోసేముందు ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. పాతవీ కొత్తవీ, ముతకవీ సన్నవీ అన్నీ ఒకే సంచిలో పడేవి. మా లంక ఊళ్ళో పాస్టరింటి తిండి అదే. అమ్మ ఎలా వండినా సగం ముద్దయ్యేది, సగం పలుకుగా మిగిలేది.

"ఏంటమ్మా ఈ అన్నం?" అని విసుక్కునేవాణ్ణి.

"ఆ పలుకులు మరియమ్మగారి పాత బియ్యంరా. ఊరంతా నీ కంచంలోనే ఉంది, తిను."

"చల్లారిపోతోంది, తినండి," అంది మా ఆవిడ.

కొట్లో కొన్న బస్తా బియ్యం. మెతుకులన్నీ ఒక్కలాగే ఉడికాయి. ఒక్కటీ ఎవరింటిదీ కాదు.