పంటు ఇంజను గదిలో కెమెరా పరీక్ష

వాడిన కెమెరా ఒకటి కొన్నాను. నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగి ఇచ్చెయ్యమన్నాడు అమ్మినాయన. వెలుగు తగ్గితే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు పడతాయేమోనని నా భయం. ఇంట్లో గోడల్ని ఎంతసేపని తీస్తాం? రెండో రోజు, శుక్రవారం, ఉదయం ఏడింటికి కాకినాడలో అమలాపురం బస్సెక్కేశాను.

బస్సులో లెన్సుకు మూత పెట్టే ఉంచి వరసగా క్లిక్కులు కొట్టాను. పూర్తి చీకటిని తీస్తే సెన్సరు సొంతంగా పుట్టించే చుక్కలు బయటపడతాయి. పక్కసీటు పెద్దాయన కాసేపు ఓపిక పట్టారు.

“మూత తియ్యలేదండీ.”

“కావాలనేనండీ.”

“ఆయ్, అలాగేనండి,” అని కిటికీ వైపు తిరిగిపోయారు. నాకు ఒళ్లు మండింది గానీ, ఆయన తప్పేముంది!

అమలాపురంలో టిఫిను తిని తొమ్మిదిన్నరకు రాజోలు బస్సు పట్టుకున్నాను. కెమెరా చేతిలో బాగానే ఇమిడింది. కానీ చెమటకు బొటనవేలు జారి సెట్టింగు మాటిమాటికీ మారిపోతోంది, ఖర్మ! రాజోలులో భోజనం చేసి, ఆటోలో సఖినేటిపల్లి రేవుకు చేరేసరికి రెండు దాటింది. జనాన్నీ బళ్లనీ గోదావరి దాటించి నరసాపురం చేర్చే పంటు కదలబోతోంది.

మబ్బు పట్టిన రోజు. ఇంజను గదిలో మరీ చీకటి. నాకు కావలసిందీ అదే. ఫొటో తీస్తానంటే ఇంజను నడిపే వీర్రాజుగారు ముఖానికి చెయ్యి అడ్డం పెట్టేశారు. పక్కనే క్యారేజీ తెచ్చిన ఆయన భార్య నూకరత్నంగారు కూర్చున్నారు.

“తియ్యండి బాబూ. సోమారం ఈయనకి గుండె ఆపరేషను. ఇంట్లో ఒక్క ఫొటో లేదు.”

“ఆపరేషనుకి ముందు ఫొటో ఏటే? దండెయ్యడానికా?” అని కసురుకున్నారాయన.

“మీకోసం కాదండీ, ఇది కెమెరాకి పరీక్ష,” అన్నాను.

“పరీక్షైతే సరేనండి,” అని చెయ్యి దించారు.

కెమెరా వెలుగును పట్టే జోరు, అదే ఐఎస్ఓ, నాలుగు వందల దగ్గర ఉంచితే ఇంజను అదురుకు ముఖం చెదిరిపోయింది. పన్నెండు వేల పైకి పెంచాను. “కాస్త నవ్వితే అరిగిపోతావా?” అన్నారావిడ. ఆయన నవ్వేశారు, నేను నొక్కేశాను. ముఖం నిలిచింది. చుక్కలూ పడ్డాయి. సిగ్గుపడుతూనే ఆవిడకు చూపించాను.

“గోడకి కాదు బాబూ. ఆపరేషను గదిలోకి నన్ను రానివ్వరు కదండీ. బయట కూర్చున్నంతసేపూ చూసుకోడానికి. పర్సులో పట్టేదైతే చాలు.”

అంత చిన్న ఫొటోలో చుక్కలు కనపడవని చెప్పాను. నరసాపురంలో ఓ స్టూడియోలో ప్రింటు తీయించి, నాలుగున్నరకు అదే పంటు మీద తిరిగి వస్తూ, ఇంకా ఆయన పక్కనే కూర్చునున్న ఆవిడ చేతికిచ్చాను. నిజంగానే ఒక్క చుక్క కనపడలేదు.

సఖినేటిపల్లిలో ఆవిడ దిగి గట్టెక్కుతుంటే వీర్రాజుగారు ఇంజను గదిలోంచి బయటికొచ్చారు.

“ఒసే, కాస్త ఆగు!” అని కేకేసి, నా వైపు తిరిగారు. “బేగా ఆవిడదీ ఒకటి తియ్యండి. లోపల నేనూ ఒక్కణ్ణే కదండీ.”

వెనక్కి తిరిగిన ఆవిడ ముఖం తీశాను. చెమటకు మళ్లీ బొటనవేలు జారి, మూడోసారికి గానీ కుదరలేదు.

రాజోలు బస్సులో కూర్చుని ఇది రాసుకుంటున్నాను. కెమెరా పరీక్షకని ఇటు వచ్చేవాళ్లు మబ్బు రోజే చూసుకుని రండి, మనుషులతో మాట్లాడేంత తీరికా ఉంచుకోండి. నేను మాత్రం ఆవిడ ఫొటో ప్రింటు తీయించి, ఆయనకివ్వడానికి రేపు మళ్లీ రావాలి. సోమవారం ఆపరేషను గది తలుపుకి లోపల ఆవిడ ముఖం కూడా ఉండాలి.