కుంకుమ పెట్టిన ఫ్లాపీలు

ఎనభైల చివర్లో ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. సొంతంగా ఏదీ గుర్తుపెట్టుకోలేని మిషన్ అది. పొద్దున్నే మొదలుపెట్టే ఫ్లాపీ దాని నోట్లో పెడితేనే లేచేది. ఆ తర్వాతే బేళ్ల వివరాలున్న ఫ్లాపీలు.

దాన్ని నడిపే ముస్లిం అమ్మాయి రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేది. ఆడపిల్లకు మిల్లులో పనేమిటన్న ఆమె తండ్రితో మూడు ఆదివారాలు వాదించి ఒప్పించింది నేనే.

ఫ్లాపీలు పది. అన్నీ నల్లనివే, దేనిమీదా చీటీ లేదు. పెట్టెలో అన్నిటికంటే ముందున్నది మొదలుపెట్టేది. అదే మా గుర్తు.

ఆయుధపూజ నాడు తూకం కాటాకూ గింజ తీసే జిన్నింగ్ మిషన్లకూ బొట్లు పెట్టిన పూజారి, ఫ్లాపీలను కూడా పీట మీద పరిచి ఒక్కోదాని మూలకు కుంకుమ అద్దాడు. నేను దూరంగా నిలబడి నవ్వాను. పూజ అయ్యాక ఎవరో వాటిని చేతికందినట్టు పెట్టెలో సర్దేశారు.

పండగ తర్వాత, పెట్టెలో ముందున్న ఫ్లాపీ పెడితే మిషన్ లేవలేదు. ఇది మొదలుపెట్టే డిస్కు కాదు, మార్చి పెట్టమని తెరమీద ఇంగ్లీషులో వచ్చింది. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే మాట.

"పూజ సేసినా లేయలేదంటే దీనికి ఈడ రుణం లేదు. తిప్పి పంపిద్దాం," అన్నాడు యజమాని. "నువ్వు నవ్వితివి గదప్పా ఆ పొద్దు. ఇంగ నవ్వు."

"మరి ఆ పాప?"

"మిషనే లేకుంటే పాపకేం పని?"

ఆయన బయటికి పోగానే ఆ అమ్మాయి మెల్లగా అంది: "మా నాయన ఇంగోసారి పనికి పంపడన్నా."

నేను మూఢనమ్మకాల మీద అందుకున్నాను. రెండు వాక్యాలైనా కాలేదు.

"ఉపన్యాసం తర్వాతన్నా. ఆ పెట్టె ఇట్లియ్యండి."

ఒక్కో ఫ్లాపీ పెట్టి చూసింది. ఏడోది పెట్టగానే మిషన్ గరగరలాడి లేచింది.

ఆస్పరి నుంచి పత్తి తెచ్చే రైతు, గోనెసంచి మీద తన పేరు రాయనిదే ఏ బోరెం బండికెత్తడు. బండిలో ఏది ముందుందో, ఏది వెనకుందో అతనికి అక్కర్లేదు. ఏళ్ల తరబడి ఆ బోరేలు దించుకున్నవాణ్ణి, నాకెందుకు తట్టలేదో! హేతువాదినని చెప్పుకుంటూ నేనూ వరసనే నమ్మాను.

ఆ అమ్మాయి పది ఫ్లాపీలకూ పేర్లు పెట్టింది. పైన చీటీ అంటించడమే కాదు, చీటీ ఊడినా తెరమీద కనబడేలా డిస్కు లోపల కూడా పేరు రాసింది. మొదటిదానికి 'మొదలు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది.

యజమాని వచ్చి వెలుగుతున్న తెర చూశాడు.

"సూసినావాప్పా? కుంకుమ ఊరికే పోతాదా? ఉండనీ, మిషన్ ఈడే ఉండనీ."

జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మాయి నావైపు చూసింది.

"ఉండనీండి," అన్నాను.

సాయంత్రం ఎమ్మిగనూరు బస్సెక్కుతూ ఆమె వెనక్కి తిరిగింది. "ఆ మాట మింగినందుకు మీకు రాత్రికి అన్నం అరగదేమోన్నా!"

నిజంగానే అరగలేదు. మర్నాడు మాత్రం ఆమె మొదటి బస్సుకే వచ్చింది.