నారపల్లిలో తీరిన మా సమస్య

మా గల్లీ మ్యాన్‌హోల్ మూత గురించి నేను పెట్టిన ఫిర్యాదుకు ఇంతవరకు నాకు ఎవరూ జవాబివ్వలేదు. నాచారంలో మా గేటుకు ఎదురుగా ఆ మూత విరిగిన నాటి నుంచి అందులో వేపకొమ్మ గుచ్చి, దానికి ఎర్రగుడ్డ కట్టి, ఎండినప్పుడల్లా కొమ్మ మార్చే పని నాదే. డ్రైనేజీ ఆఫీసుకు పోతే అక్కడి క్లర్కుది ఒకటే మాట.

"నంబరిచ్చినవ్ గదా అన్నా. ఫోనొస్తది, పో."

ఒకసారి నేను గోడు చెప్పుకుంటుంటే ఆయన సమోసా తిన్నాడు. నాకు పెట్టలేదని కాదు నా కోపం. ఆ నమిలే చప్పుడులో నా మాట ఆయనకు వినపడలేదు. దాన్ని నేను మర్చిపోను.

మా ఫ్యాక్టరీ వాళ్లు మిషన్లు బిగించడానికి నన్ను ఒమాన్ పంపినప్పుడు కూడా నా దిగులంతా ఆ నంబరు గురించే. ఆఫీసు నుంచి ఫోనొస్తే దానికే రావాలి. అక్కడ అక్కడి సిమ్ము కొనుక్కున్నాను. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ము చావకుండా రీచార్జి చేయించే పని ఉప్పల్‌లో ఉండే మా బావమరిదికి అప్పజెప్పాను.

"ఫికర్ జేయకు బావా. నా పానం లెక్క సూస్కుంట," అన్నాడు.

రీచార్జి చేయించిన మాట నిజమే. కాకపోతే అన్నీ డేటా ప్యాకులే వేయించాడు. వాటితో నెట్టు వస్తుంది గానీ సిమ్ము వ్యాలిడిటీ పెరగదు. ముందు ఔట్‌గోయింగ్ ఆగింది, తర్వాత ఇన్‌కమింగ్ ఆగింది. ఆపైన నెలల తరబడి వాడకం లేదని కంపెనీ ఆ నంబరును రద్దు చేసి ఇంకొకరికి ఇచ్చేసింది. అక్కడున్న నాకు ఇదేమీ తెలియలేదు. పాత నంబరు మీద వాట్సాప్ వైఫైతో నడుస్తూనే ఉంది మరి. సిమ్ము పోయినా వాట్సాప్ నడుస్తుందని నాకెవరు చెప్పారు? కొత్తాయన తన ఫోనులో వాట్సాప్ పెట్టుకున్న రోజున అది కూడా నన్ను బయటికి నెట్టింది.

తిరిగొచ్చి బావమరిదిని నిలదీశాను.

"నెట్ లేకుంటె లొల్లి జేస్తవని నెట్ ఏయించిన బావా. మాట్లాడుడు నీకు ఎట్లైనా ఎక్కువే. జర తగ్గితె అక్కకు గూడ మంచిదే అనుకున్న."

వాళ్ల అక్క, అంటే నా భార్య, వంటింట్లోంచి నవ్వింది. అది కూడా గుర్తుంచుకున్నాను.

కొత్త సిమ్ము కొని, దాంతో నా పాత నంబరుకే ఫోన్ చేశాను. ఎత్తినాయన నారపల్లిలో కొత్త వెంచరులో ఇల్లు కట్టుకున్నాడట. మర్యాదగానే మాట్లాడాడు.

"ఓ, గీ నంబర్ నీదేనా అన్నా? నీ కోసం మస్తు మంది ఫోన్ జేసిన్రు. ప్రేమతోటి జేసినోడు ఒక్కడు గూడ లేడు గని. మొన్న డ్రైనేజీ ఆఫీసోళ్లు గూడ జేసిన్రు."

ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. అడిగాను. "ఏమన్నరు?"

"మూత బండిల ఎక్కిచ్చినం, సమస్య ఇంక ఉన్నదా అనడిగిన్రు. మా గల్లీల మూతలన్ని మంచిగనే ఉన్నయి. అబద్ధం ఎందుకని, ఏం లేదు సారూ అన్న. థాంక్స్ గూడ జెప్పిన్రు."

నాకు ఆ ఆఫీసులో ఎన్నడూ ఎవరూ థాంక్స్ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోయాను. క్లర్కు కంప్యూటరు చూసి, సమస్య తీరింది, ఫిర్యాదుదారుడు తృప్తి చెందాడు అని చదివాడు.

"ఆ ఫిర్యాదుదారుణ్ని నేనే. నాకు తృప్తి లేదు," అన్నాను.

"నువ్వు తృప్తిపడ్డవనే ఉన్నది అన్నా ఈడ. కొత్త నంబర్ మీద కొత్తగ పెట్టుకో."

పెట్టాను. ఈ సిమ్ముకు వ్యాలిడిటీ ప్లాను గడువు తీరకముందే నేనే వేయించుకుంటున్నాను. ఇక నారపల్లికి ఫోన్ చేసిన ఆ సారును ఒక్కటే అడుగుతున్నాను. మా మూత బండి ఎక్కింది కదా, దాన్ని ఎక్కడ దించారు? నాకు ఫోన్ చేసి చెప్పండి. ఈసారి నేనే ఎత్తుతాను.