ఆలస్యంగా వచ్చిన గీతలు

వేధశాలలో ఆవిడను అందరూ గీతలమ్మ అనేవారు. రాత్రి డ్యూటీవాళ్లు గాజు పలకల మీద తీసిన నక్షత్రాల వర్ణపటాలను పగలు మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ గీత ఎక్కడ పడిందో కొలిచి రాయడం ఆవిడ ఉద్యోగం. చేరిన ఏడాదే ఒక జంట నక్షత్రాన్ని అప్పగించారు. ఆ జంటలో ఒకటి రెండోదాని వాయువును లాక్కుని, అందులో కొంత రెండు వైపులా ధారలుగా చిమ్ముతుంది. ఆ ధారలు కుదురుగా ఉండవు. తూలుతున్న బొంగరంలా ఐదున్నర నెలలకొక చుట్టు తిరుగుతాయి. అవి మనవైపు వాలితే గీతలు ఒక పక్కకు, అవతలికి వాలితే మరో పక్కకు జరుగుతాయి.

"మా ఆయన ఇంటికి ఎప్పుడొస్తాడో చెప్పలేను గానీ, ఈ గీతలు ఏ తారీఖున ఎక్కడుంటాయో చెప్పగలను," అనేది.

ఇరవై రెండేళ్లు అలాగే చెప్పింది. ఆ తర్వాత గీతలు మాట తప్పడం మొదలెట్టాయి. మొదట రెండు రోజులు ఆలస్యం. నాలుగేళ్లకు అది తొమ్మిది రోజులైంది. పెద్ద సారు పట్టిక చూసి, "కళ్లజోడు మార్చుకోండమ్మా, వయసు ఎవర్నీ వదలదు," అన్నారు.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. వెళ్లి కళ్లజోడు మార్చింది. ఆలస్యం మాత్రం మారలేదు.

అప్పుడు ఆడపడుచు గుర్తొచ్చింది. దర్జీ దుకాణంలో బట్ట కత్తిరించే మనిషి, నూలుపోగంత తేడా కూడా పట్టేస్తుంది. సారును అడిగి శనివారాలు ఆమెను పలకల గదికి తీసుకొచ్చింది.

"నక్షత్రాల గురించి నాకు ఓనమాలు కూడా రావు వదినా."

"అదే కావాలి. తారీఖు తెలిస్తే కన్ను మనసు చెప్పినట్టు వింటుంది. నువ్వూ కొలువు, నేనూ విడిగా కొలుస్తాను."

తారీఖుల మీద కాగితాలు అంటించి, నాలుగు వందల పలకలు ఏడు నెలల పాటు కొలిచారు. "ఈ గీత అంచు కుట్టకుండా వదిలేసినట్టుంది," అని ఆడపడుచు సణిగేది. వదిన నవ్వాపుకుని పలక మార్చేది.

కాగితాలు ఊడదీసి చూస్తే ఇద్దరి కొలతలూ ఒకటే. ఆలస్యం నిజమే. పైగా కొత్త పలకల్లో అది ఎనిమిది రోజులకు తగ్గింది. ఆ ధారలు తిరిగే చుట్టు ఏళ్ల తరబడి మెల్లగా వెనకబడి, మళ్లీ దారికొస్తోందన్నమాట.

పెద్ద సారు ఆ కొలతల పట్టికను రెండుసార్లు చదివారు. "తొందరపడి మాటన్నానమ్మా. ఇంతకీ ఇలా ఎందుకు జరుగుతోందంటారు?"

"కొలవడం నా పని సార్. ఎందుకన్నది మీరు చూసుకోండి."

ఆయన గట్టిగా నవ్వేశారు.

సారు రాసిన వ్యాసంలో కొలిచినవాళ్లుగా ఇద్దరి పేర్లూ అచ్చయ్యాయి. ఆడపడుచు ఆ పేజీని దుకాణంలో అద్దం పక్కన అంటించింది. ఎవరైనా అడిగితే, "ఒకసారి నక్షత్రానికి కొలతలు తీశాంలెండి," అనేది. గీతలమ్మ రిటైరయ్యేనాటికి ఆలస్యం రెండు రోజులకు దిగింది. ఎందుకన్నదాని మీద సారూ, ఆయన శిష్యులూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.